లకోటా మీది పేరు: హైదరాబాదు ప్రాంతంలో అలంకృత లేఖన రీతుల పరిణామం – రాయదుర్గం నేపథ్యంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు లిపి చరిత్రను శాసనాలు, తాళపత్ర గ్రంథాలు, అచ్చు పుస్తకాల ఆధారంగా పరిశీలించిన రచనలు అనేకం ఉన్నాయి. నిత్యజీవితంలో అక్షరం అందంగా కనబడవలసిన మరొక చోటు ఉంది. అది ఉత్తరం పైభాగం, అంటే లకోటా. లోపలి విషయం పంపినవారికీ అందుకొన్నవారికీ మాత్రమే తెలుస్తుంది. పైన రాసిన పేరు మాత్రం తపాలా బంట్రోతు మొదలు ఇంటి గుమ్మంలో నిలిచిన బంధువు వరకు అందరి కంటా పడుతుంది. కాబట్టి ఎదుటివారి హోదా, పంపినవారి మర్యాద, సందర్భపు శుభాశుభాలు మొదట తెలిసేది ఆ పేరు రాసిన తీరులోనే.

హైదరాబాదు ప్రాంతంలో గుండ్రని తెలుగు రాత, గొలుసుకట్టు, నస్తాలీఖ్, బాపు రాత అనే నాలుగు రీతులు ఉత్తరం పైభాగాన్ని ఎలా పంచుకొన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లేఖనసాధనం మారినప్పుడల్లా చేతిరాత అంతరించలేదని, పని తగ్గిన కొద్దీ అది వ్యక్తి పేరు దగ్గరకు జరుగుతూ వచ్చిందని ఇక్కడి ప్రతిపాదన. దీని పరీక్షకు నేటి సమాచార సాంకేతిక కేంద్రంలో భాగమైన రాయదుర్గాన్ని, ముఖ్యంగా ఆ ఊరి పేరులోని అక్షరాలను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

పదాలు చెప్పే చరిత్ర

ఉత్తరానికి తెలుగులో ఉన్న పేర్లే ఈ చరిత్రకు తొలి ఆధారాలు. ‘కమ్మ’ అంటే ఆకు. తాటాకు మీద రాసి పంపిన సందేశానికి అదే పేరు నిలిచింది. ‘ఉత్తరం’ అనే సంస్కృత పదానికి బదులు అని అర్థం. ‘జాబు’ అనే మాట ‘జవాబు’ అనే అరబ్బీ పదం నుంచి వచ్చింది. దానికీ బదులనే అర్థం. రెండు వేర్వేరు భాషల నుంచి వచ్చిన పదాలు తెలుగులో ఒకే దారి నడిచి, బదులుకే కాక ప్రతి లేఖకూ పేర్లయ్యాయి. లేఖను ఒంటరి రచనగా కాక సంభాషణలో ఒక భాగంగా తెలుగువారు భావించారనడానికి ఇది నిదర్శనం.

పైకప్పుకు ఉన్న పేర్లు ఇంకా ఆసక్తికరమైనవి. కోస్తాలోను, రాయలసీమలోను ‘లకోటా’ వినబడితే తెలంగాణలో ‘లిఫాఫా’ స్థిరపడింది. తరువాత ‘కవరు’ అంతటా వ్యాపించింది. పైన రాసే వివరానికి ‘విలాసం’, ‘చిరునామా’, ‘పతా’ అనే మాటలున్నాయి. ‘చిరునామా’ పారసీ ‘సర్‌నామా’కు తెలుగు రూపం. ‘సర్’ అంటే తల, ‘నామా’ అంటే లేఖ. లేఖకు తలమానికంగా ఉండేది అని దాని భావం. తాటాకు కమ్మకు విడిగా సంచి అవసరం లేదు. మడిచి లేదా చుట్టి దారంతో కడితే చాలు. కాగితం, దానితో పాటు దర్బారు ఉత్తర ప్రత్యుత్తరాల పద్ధతి వచ్చిన తరువాతే పైకప్పు ప్రత్యేక వస్తువైంది. ఆ వస్తువుకూ దాని మీది రాతకూ వాడుకలో నిలిచిన పేర్లలో చాలావరకు అన్యదేశ్యాలే కావడం ఈ క్రమానికి అనుగుణంగానే ఉంది.

గంటం నేర్పిన గుండ్రదనం, కలం తెచ్చిన గొలుసు

తెలుగు అక్షరపు గుండ్రదనానికి తాటాకు ఒక ముఖ్య కారణమని పండితులు చెబుతూ వచ్చారు. ఆకు నారల వెంబడి గంటంతో నిడుపాటి అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది. వంపు తిరిగిన గీతకు ఆ ప్రమాదం తక్కువ. గంటం గీసిన గీతకు లావు, సన్నం అనే భేదం ఉండదు. మొదటి నుంచి చివరి వరకు ఒకే మందం. తరువాత ఆ గాట్లలో మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా కనబడుతుంది. ‘ముత్యాల్లాంటి అక్షరాలు’ అన్న మెచ్చుకోలులో ఈ సౌందర్య దృష్టే ఉంది. అక్షరానికి అక్షరం విడిగా, సమానమైన పరిమాణంలో, నిండుగా ఉండాలి. వీధిబడిలో ఇసుక మీద వేలితో దిద్దిన ఓనమాలు, గురువు రాసి ఇచ్చిన వరవడి ఈ రీతినే అలవాటు చేశాయి.

కాగితం, కలం, సిరా వచ్చాక కరణాల చేతిలో మరొక రీతి పెరిగింది. అది గొలుసుకట్టు. లెక్కలు, దస్తావేజులు, అర్జీలు వేగంగా రాయవలసిన ఉద్యోగికి ప్రతి అక్షరం దగ్గరా కలం ఎత్తడం కాలహరణం. అందుచేత ఒక అక్షరపు చివర మరొక అక్షరపు మొదటికి కలిసింది. తలకట్లు కుదించుకుపోయాయి. మరాఠీలో మోడీ లిపి, పారసీలో షికస్తా రీతి ఇలాంటి అవసరం నుంచే వచ్చాయి. గొలుసుకట్టుకు అందం లేదని కాదు. దాని అందం లయలో ఉంది. ఒకే ఊపులో పంక్తి సాగిన తీరును చూసి రాసినవాని అనుభవాన్ని అంచనా కట్టేవారు. కాని అది తెలిసినవారికే చదవడానికి వీలైన రాత. ఇక్కడే ఒక విభజన ఏర్పడింది. లోపలి విషయం గొలుసుకట్టులో ఉన్నా, పైవిలాసం మాత్రం విడివిడి అక్షరాల్లో ఉండాలి. దాన్ని మోసుకుపోయేవాడు, ఇంటిలో అందుకొనేవాడు తడుముకోకుండా చదవాలి. వేగానికి లోపలి భాగం, స్పష్టతకూ మర్యాదకూ పైభాగం అనే ఈ పని విభజన తరువాతి రీతులన్నింటికీ పునాది.

దర్బారు లేఖ: ఖరీతా, నస్తాలీఖ్

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో పారసీ, తెలుగు రెండు లిపులూ ఉన్న ఫర్మానాలు వెలువడ్డాయి. ఒకే కాగితం మీద రెండు లేఖన సంప్రదాయాలు ఎదురుపడిన సందర్భమది. నస్తాలీఖ్ రాసేది కోసుగా చెక్కిన వెదురు లేదా రెల్లు కలంతో. కలం మొన వెడల్పు వల్ల గీత ఒకచోట లావుగా, మరొకచోట వెంట్రుకవాసిగా వస్తుంది. అక్షరం ఎంత ఉండాలో ఆ కలం మొనతో పెట్టిన చుక్కలతో కొలుస్తారు. పదాలు కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతూ పంక్తి మీద వాలతాయి. కొన్ని అక్షరాలను చోటును బట్టి పొడిగించవచ్చు. గుండ్రని తెలుగుకు సమత్వం ప్రాణమైతే నస్తాలీఖ్‌కు హెచ్చుతగ్గులు ప్రాణం.

అసఫ్‌జాహీల కాలంలోను, ఇతర సంస్థానాల్లోను పాలకుల మధ్య నడిచిన లేఖలను ‘ఖరీతా’ అనే సంచిలో పంపేవారు. బంగారు రజను చల్లిన కాగితం మీద లేఖ రాసి, పలుచని బట్ట సంచిలో, దానిని జరీ పని ఉన్న కిమ్‌ఖాబు సంచిలో పెట్టి, లక్క ముద్ర వేసేవారు. సంబోధనలో వాడవలసిన ‘అల్కాబ్’, అంటే బిరుదవాచకాలు, హోదాను బట్టి మారేవి. పేరు కాగితం మీద ఏ ఎత్తులో ఉండాలి, పైన ఎంత ఖాళీ వదలాలి అన్న విషయాలు కూడా మర్యాదలో భాగాలు. నేటి అలంకృత లకోటాకు పూర్వరూపం వెదికితే అది ఈ ఖరీతాలోనే కనబడుతుంది. అలంకారం ఇక్కడ కేవలం వేడుక కాదు, ఎదుటివారి స్థానానికి ఇచ్చిన గుర్తింపు.

తెలుగు ఇళ్ళలోనూ ఈ వ్యాకరణానికి సమాంతరమైనది ఉంది. ‘మ.రా.రా.శ్రీ’, ‘బ్రహ్మశ్రీ’, ‘చి.ల.సౌ.’, ‘గం.భా.స.’ వంటి సంక్షిప్తాలు పేరుకు ముందు నిలిచి, అందుకొనేవారి వయస్సును, కులాచారాన్ని, వైవాహిక స్థితిని లకోటా మీదే ప్రకటించేవి. గౌరవంతో పాటు వివక్ష కూడా ఆ సంక్షిప్తాల్లో ఉంది. భర్త పోయిన స్త్రీ స్థితి ఉత్తరం విప్పకముందే ఊరందరికీ తెలిసేది. పసుపు పూసిన అంచులు శుభాన్ని సూచిస్తే, ‘శ్రీ’ లేని ఉత్తరం అశుభాన్ని సూచించేది. లిపి రీతిని పరిశీలించేటప్పుడు ఈ సామాజిక భారాన్ని విడిచిపెట్టడం సరికాదు.

తపాలా బిళ్ళ మీద బహులిపులు

నిజాం ప్రభుత్వం 1869లో తన తొలి తపాలా బిళ్ళను విడుదల చేసింది. తరువాతి కాలపు బిళ్ళల మీద పారసీ–ఉర్దూ లిపితో పాటు తెలుగు, మరాఠీ, ఇంగ్లీషులలోనూ విలువ కనబడుతుంది. 1884లో పారసీ స్థానంలో ఉర్దూ అధికార భాషగా వచ్చినా, ప్రజల చేతుల్లోకి వెళ్ళే ఈ చిన్న కాగితం మీద తెలుగుకు చోటు దక్కింది. పాలనా వ్యవహారాల్లో తెలుగుకు అంతగా స్థానం లేని కాలంలో, ఉత్తరం పైభాగం మాత్రం బహులిపి క్షేత్రమైందన్నమాట.

హైదరాబాదు రాష్ట్ర తపాలా వ్యవస్థ 1950లో భారత తపాలాలో కలిసింది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పద్ధతి మొదలైంది. ఆరు అంకెలకు ఆరు గడులు కవరు మీద అచ్చయ్యాయి. అంతవరకు చదివేది మనిషి కన్ను మాత్రమే. ఇప్పుడు వేరు చేసే పద్ధతికి అనుకూలమైన అంకె ముఖ్యమైంది. విలాసం స్పష్టత కోసమనే పాత సూత్రంలో ఒక భాగాన్ని అంకె తీసుకొంది. రాతకు మిగిలింది పేరు.

శుభలేఖ: సీసపు అచ్చు, రాతి అచ్చు

అచ్చు విషయంలో తెలుగు, ఉర్దూ వేర్వేరు దారులు పట్టాయి. తెలుగుకు పద్దెనిమిదో శతాబ్దిలోనే జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ కృషితో అచ్చు మొదలైంది. పందొమ్మిదో శతాబ్దిలో మద్రాసు కేంద్రంగా సీసపు అక్షరాలు స్థిరపడ్డాయి. గుణింతాలు, వత్తులు కలిపి వందల దిమ్మలు అవసరమైనా, విడివిడి గుండ్రని అక్షరాలు దిమ్మలకు లొంగాయి. నస్తాలీఖ్ లొంగలేదు. పదం ఏటవాలుగా దిగుతుంది, అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకొంటుంది. అందుచేత ఉర్దూ పుస్తకాలు, పత్రికలు చాలాకాలం రాతి అచ్చునే ఆశ్రయించాయి. కాతిబ్ చేతితో రాసిన పుటే అచ్చయ్యేది.

ఈ భేదం పెళ్ళి పిలుపుల మీద స్పష్టంగా కనబడుతుంది. హైదరాబాదు పాతబస్తీలోని ఛత్తా బజారు పెళ్ళికార్డుల ముద్రణకు, ఉర్దూ కాతిబులకు పేరు పొందిన చోటు. అక్కడ తయారైన ఉర్దూ కార్డులో మొదటి మాట నుంచి చివరి మాట వరకు కాతిబ్ చేతిరాతే. తెలుగు శుభలేఖలో ముహూర్తం, వేదిక, ఆహ్వానించేవారి పేర్లు సీసపు అక్షరాల్లో ఉంటే, పైన ‘శ్రీరస్తు – శుభమస్తు’, వధూవరుల పేర్లు మాత్రం చిత్రకారుడు గీసిన అక్షరాలతో చేసిన బ్లాకుల నుంచి అచ్చయ్యేవి. అంటే తెలుగులో చేతిరాత కార్డంతటి నుంచి తప్పుకొని పేరులో కేంద్రీకృతమైంది. లకోటా మీద ఆహ్వానితుని పేరు ఇంటి పెద్ద స్వయంగా రాయడం ఆ రాతకు మిగిలిన మరొక స్థానం.

ఉర్దూలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చినా ఒక్కసారిగా వచ్చింది. 1981లో పాకిస్తాన్‌లో మిర్జా అహ్మద్ జమీల్ రాతకు ‘నూరీ నస్తాలీఖ్’ పేరుతో యంత్రరూపం ఏర్పడింది. 1990ల నడుమ ‘ఇన్‌పేజ్’ అనే సాఫ్ట్‌వేర్ అది సామాన్య కంప్యూటరులోకి తెచ్చింది. ఛత్తా బజారు కాతిబుల చేతిలోని పాఠ్యం కంప్యూటరుకు మారింది. వారికి మిగిలింది శీర్షిక, పేరు, అలంకారం. తెలుగు చిత్రకారుడు ఒక శతాబ్దంలో చేరిన చోటికి ఉర్దూ కాతిబ్ ఒక దశాబ్దంలో చేరవలసి వచ్చింది. 1931లో సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించిన ఇదారా–ఎ–అదబియాత్–ఎ–ఉర్దూ వంటి సంస్థలు లిపికళను నేర్పు విద్యగా నిలిపే ప్రయత్నం చేశాయి. తెలుగు అక్షర రచనకు అలాంటి పాఠక్రమం ఏర్పడలేదు. బడిలో వరవడితోనే ఆ శిక్షణ ముగిసింది.

బాపు రాత: చేయి ఫాంటుగా మారిన సందర్భం

తెలుగులో ఈ లోటును ఒక వ్యక్తి చేయి కొంతవరకు పూరించింది. సత్తిరాజు లక్ష్మీనారాయణ (1933–2014), అంటే బాపు, పుస్తకాల అట్టల మీద, కథల శీర్షికల్లో, సినిమా పేర్లలో రాసిన అక్షరాలు ఒక రీతిగా గుర్తింపు పొందాయి. గంటపు రాతలోని ఏకమందాన్ని ఆయన కుంచె వదిలేసింది. గీత మొదట ఒత్తిగిలి, చివర సన్నబడుతుంది. తలకట్టు ఒక విసురుగా మారుతుంది. అక్షరాలు ఒకే ఎత్తులో నిలబడక ఒకదానికొకటి ఒరిగి మాట్లాడుకొంటున్నట్లు ఉంటాయి. గుండ్రదనం పోలేదు, కాని అది సమత్వం నుంచి చలనానికి మారింది. నస్తాలీఖ్ హెచ్చుతగ్గులతో సాధించిన శోభ తెలుగు అవయవాలతోనూ సాధ్యమని ఈ రీతి నిరూపించింది.

ఈ రాతే తరువాత ఫాంటుగా మారి శుభలేఖల మీదికి విస్తరించింది. ఇక్కడ పరిశీలించవలసిన వైరుధ్యం ఒకటి ఉంది. బాపు స్వయంగా రాసిన పేరులో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ ఒకేలా ఉండవు. ఫాంటులో అవి ఒకేలా ఉంటాయి. చేతిరాతకు ప్రాణమైన వైవిధ్యం పోయి, చేతిరాత పోలిక మాత్రం మిగిలింది. అయినప్పటికీ ఆత్మీయతను సూచించే అక్షరంగా సమాజం దానిని స్వీకరించింది. అచ్చు అక్షరం తెలియజేస్తే, బాపు అక్షరం పిలుస్తుందన్న భావం పాఠకుల్లో స్థిరపడింది. 1991లో యూనికోడ్‌లో తెలుగు చేరిన తరువాత తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ వంటి ఫాంట్లు పాఠ్యానికి ఉపకరించాయి. తరువాత సిలికానాంధ్ర ప్రోద్బలంతో వచ్చిన ఉచిత ఫాంట్లలో అలంకార రూపాలూ ఉన్నాయి.

‘రాయదుర్గం’: ఒక పేరులోని అక్షర సమస్యలు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో హైటెక్ సిటీ రూపు దిద్దుకొంది. 2019 నవంబరు 29న మెట్రో రైలు రాయదుర్గం చేరింది. ఈ అద్దాల మేడల వెనుక ఉన్న రెవెన్యూ గ్రామాల పేర్లు ‘రాయదుర్గం పన్మక్తా’, ‘రాయదుర్గం నౌఖాల్సా’. మక్తా నిర్ణీత పన్నుపై ఇచ్చిన భూమి, ఖాల్సా ప్రభుత్వం నేరుగా పన్ను వసూలు చేసిన భూమి. సంస్కృత పదాలతో ఏర్పడిన తెలుగు ఊరి పేరుకు పారసీ పాలనా పదం తోడై ఒకే విలాసంలో రెండు లేఖన లోకాలు నిలిచాయి. ఉర్దూ, ఇంగ్లీషుల నుంచి వచ్చిన ‘రాయ్‌దుర్గ్’ అనే ఉచ్చారణ మూడోది. అనంతపురం ప్రాంతంలోని రాయదుర్గం నుంచి వేరు చేయడానికి జిల్లా పేరో పిన్‌కోడో తప్పనిసరి.

ఈ పేరును పై నాలుగు రీతుల్లో రాసి చూస్తే వాటి స్వభావం తేటపడుతుంది. పాత రాతలో ‘ర్గ’కు వలపలగిలక వాడేవారు. రేఫ గకారానికి ముందు పలికినా, దాని గుర్తు తొమ్మిది అంకెను పోలిన రూపంలో గకారానికి కుడిపక్కన చేరేది. పేరంతా ఒకే పంక్తిలో ఒదిగేది. నేటి రాతలో రేఫ పైన నిలిచి గకారం వత్తుగా కిందికి దిగుతుంది. పంక్తికి కింద చోటు కావలసి వస్తుంది. గొలుసుకట్టులో ‘రా’ దీర్ఘం ‘య’ మొదటి వంపులోకి, ‘దు’ కొమ్ము ముందున్న అక్షరంలోకి కలిసిపోతాయి. అలంకార రాతలో అవే దీర్ఘం, కొమ్ము, వత్తు పొడిగించడానికి అనువైన తావులు. చివరి సున్న సంపూర్ణ వృత్తం. పాత ఉత్తరం మీది లక్క ముద్రలాగా పేరును మూసేది అదే. నస్తాలీఖ్‌లో పొడిగింపు అక్షరపు అడ్డగీతలో ఉంటే, తెలుగులో అది గుణింతపు గుర్తుల్లో ఉంది. ఈ భేదం గుర్తించనిదే తెలుగు అలంకార రాత సాధ్యం కాదు.

చేతితో పేర్లు రాసిన లకోటాల మీద మక్కువ ఇప్పుడు నగరాల్లో తిరిగి కనబడుతోంది. అయితే ఇందులో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇంగ్లీషు కాపర్‌ప్లేట్ రీతి. దాని మొనదేలిన పాళీ కిందికి లాగినప్పుడు విచ్చుకొని లావు గీతను, పైకి నెట్టినప్పుడు సన్న గీతను ఇస్తుంది. ఏటవాలు నిలువు గీతలు ఎక్కువగా ఉన్న రోమను లిపికి అది సహజం. తెలుగులో నిలువు గీతలు తక్కువ, వంపులు ఎక్కువ. ఒకే అక్షరంలో చేయి పలుమార్లు దిశ మారుస్తుంది. అదే పాళీతో, అదే ఒత్తిడితో ‘య’, ‘శ’, ‘ష’ రాస్తే చిన్న సుడులు సిరాతో పూడుకుపోతాయి. ఈ కారణంగా, తెలుగు అక్షరం అలంకారానికి అనువు కాదనే అభిప్రాయం ఏర్పడే అవకాశం ఉంది. లోపం అక్షరంలో లేదు, సాధనం ఎంపికలో ఉంది. కుంచె, వెడల్పు మొన కలం, లేదా ఏకమందపు గీతనిచ్చే సామాన్య కలం తెలుగు వంపులకు తగినవి. ఒకటి బాపు దారి, మరొకటి నస్తాలీఖ్ దారి, మూడోది గంటం దారి.

ముగింపు

హైదరాబాదు ప్రాంతపు లేఖన చరిత్రలో చేతిరాత క్రమంగా లోపలి నుంచి పైకి, పాఠ్యం నుంచి పేరుకు జరిగింది. సీసపు అచ్చు తెలుగు పాఠ్యాన్ని, కంప్యూటరు ఉర్దూ పాఠ్యాన్ని, పిన్‌కోడ్ విలాసంలో కొంత భాగాన్ని తీసుకొన్నాయి. పేరు మిగిలింది. ఎదుటివారిని వ్యక్తిగా గుర్తించే పని యంత్రానికి అప్పగించడానికి సమాజం చివరి వరకు సంకోచించడమే దీనికి కారణం.

ఈ మిగులును కేవలం వేడుకగా చూడడం నష్టదాయకం. గొలుసుకట్టు చదవగలవారు తగ్గిపోతున్నారు. ఉర్దూలో ఉన్న సేత్వార్ వంటి భూమి దస్తావేజులను చదవడానికీ పాత చేతిరాతలు తెలిసినవారు కావాలి. రాయదుర్గం వంటి చోట గజం నేల కోసం వివాదాలు నడుస్తున్న కాలంలో పాత రాతను చదవడం రసికుల వ్యాసంగం కాదు, హక్కులకు సంబంధించిన విషయం. రాసే అలవాటు ఉన్న చేతికే పాత రాతను పోల్చుకొనే కన్ను అబ్బుతుంది. శుభలేఖ లకోటా మీద పేరు రాయడం నేర్చేవారికి కాపర్‌ప్లేట్‌తో పాటు వలపలగిలకను, గొలుసుకట్టును, గంటపు గుండ్రదనాన్ని కూడా పరిచయం చేసే పాఠక్రమాన్ని తెలుగు శాఖలు రూపొందించవలసి ఉంది. గచ్చిబౌలిలో రాయదుర్గానికి చేరువలోనే హైదరాబాదు విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండు లిపుల లేఖనకళను పక్కపక్కన బోధించడానికి అంతకంటే అనువైన చోటు అరుదు. ఆ పని జరిగితే లకోటా మీది పేరు తన వెనుక ఉన్న చరిత్రను చదివే దారి కూడా చూపుతుంది.